సామి కూర్చున్న మూల

మీ ఇంట్లో ఎవరూ కాలు పెట్టని చోటు ఎక్కడుంది? లేదని తొందరపడి చెప్పకండి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. బాన్సువాడలో గూనపెంకుల ఇళ్లు ఇంకా వరసగా ఉన్న కాలంలో నాకు పద్దెనిమిదేళ్లు. బోధన్‌లో కాలేజీ, సాయంత్రాలు చర్చావేదిక, లోకంలోని ప్రతి మూఢనమ్మకానికీ నాలుక చివర జవాబు. దేవుడు లేడని నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడేవాణ్ణి. (ఒకసారి పిట్లం బస్సు దారిలో చెడిపోతే గంటన్నర మాట్లాడాను. పాపం, ప్రయాణికులకు వేరే దారి లేదు.)

మా వంటింటి కప్పు మీద తూర్పు మూలన మిర్గం సామి కూర్చుంటాడని, అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదని మా అవ్వ, అంటే బాపు తల్లి, చెప్పేది. రోహిణి ఎండలు ముగిసి మిర్గం, అంటే మృగశిర కార్తె వచ్చేముందు ఏటా ఒక మనిషి కప్పెక్కి పెంకులన్నీ సర్దేవాడు. ఆ మూల దగ్గరికి రాగానే కిందికి దిగి, నిచ్చెన మీద నిలబడి, చేతికి అందినంత సర్ది, దండం పెట్టి వెళ్లిపోయేవాడు. మిర్గం నాడు చేపల పులుసు వండితే మొదటి ముక్క ఆ మూల కింద గూట్లో పెట్టేవాళ్లం. కాసేపటికి ముక్క ఉండేది కాదు. (మా వీధి పిల్లులన్నిటిలో మా పిల్లే బలిసి ఉండేది. ఎవరూ అనుమానించలేదు.)

ఆ ఏడు మిర్గం నాడు పొద్దున్నే ఒక కోతి వచ్చి సరిగ్గా సామి మూలలోనే పెంకులు లాగేసింది. నిజాంసాగర్ వైపు మబ్బు నల్లగా లేస్తోంది. ఆ మూల కిందే వడ్ల గుమ్మి, అందులో నారు పోయడానికి దాచిన విత్తనాలు. తడిస్తే గుమ్మిలోనే మొలకెత్తుతాయి. కాలువ నీళ్లు ఇంకా వదలలేదు, మొలకలు చల్లడానికి మడి సిద్ధంగా లేదు. మట్టితో మెత్తిన గుమ్మి కదలదు. పెంకులు సర్దే మనిషి పెళ్లికని ఊరెళ్లాడు.

"లోపల తడక కట్టి ఆపుదాం తీ," అన్నాడు బాపు.

"ఎక్కి నాలుగు పెంకులు పెడ్తే అయిపాయె గద బాపూ."

"సామి మూల ఎక్కుతవార?"

"సామి ఉంటే కోతినెందుకు ఎక్కనిచ్చిండు?"

గోడ అవతలి నుంచి రేడియో కాక అందుకున్నాడు. (ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆయన నోటే వినేవాళ్లం, అందుకా పేరు.) "కోతంటే ఆంజనేయుడురా. దేవుండ్లు దేవుండ్లు చుట్టాలు. నడుమ నువ్వేమైతవు?"

అప్పటికే పది మంది పోగయ్యారు. అవ్వ వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కకు బిడ్డా."

"ఎందుకు ఎక్కొద్దో చెప్పవ్వా."

అవ్వ కాక వైపు చూసింది, గుమిగూడిన వాళ్ల వైపు చూసింది. "వద్దంటే వద్దు," అంది.

ఈ జవాబుకే గదా నేను ఏడాదంతా సాధన చేసింది. ఎక్కాను. పెంకులు సర్ది దిగితే సరిపోయేది. కానీ కింద జనం, పైన నేను. "చూడుండ్రి, సామి నెత్తి మీదనే నిలవడ్డ," అని ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండో వాక్యం మధ్యలో కాళ్ల కింద ఫట్‌మంది. ఆకాశం పైకి పోయింది, నేను నడుం దాకా విత్తనపు వడ్లలో ఉన్నాను. చెవుల నిండా వడ్లు, నోట్లో దుమ్ము. సిగ్గు విడిచి ఒక సంగతి చెబుతాను. ఆ క్షణంలో నా నోట వచ్చిన మాట "తప్పయింది సామీ". (చర్చావేదిక మిత్రులు ఇన్నేళ్ల తర్వాతైనా క్షమించాలి.)

బయట కాక గొంతు వినబడుతోంది. "కొట్టిండు. నేను చెప్పలే? సామి కొట్టిండు."

అవ్వ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. ముందు నా కాళ్లూ చేతులూ తడిమి చూసింది. తర్వాత విరిగిన వాసం ముక్కను నా చేతిలో పెట్టింది. పట్టుకోగానే అది పొడిపొడిగా రాలింది. లోపలంతా చెదలు.

"మీ బాపు చిన్నగున్నప్పుడే పుచ్చిందిరా గీ వాసం," అంది గొంతు తగ్గించి. "పుచ్చింది, ఎక్కకురా అంటే పతంగి కోసం మూడుసార్లు ఎక్కిండు. సామి కూసున్నడన్న. ఇగ ఎక్కలే."

"కొత్త వాసం వేయిస్తే అయిపోతుండె గదవ్వా?"

"వాసానికి పైసలు గావాలె కొడకా. సామి ఉత్తగ వస్తడు."

పడ్డప్పుడు తగలని దెబ్బ అప్పుడు తగిలింది. నేను అంతసేపు ఖండించిన దేవుణ్ణి మా అవ్వ ఒక పతంగి కోసం పుట్టించింది. లేడని ఆమెకు నాకన్నా ముందే తెలుసు.

"గీ మాట బయటికొచ్చి చెప్పు," అని బతిమాలాను.

"ఇన్నేండ్లు మొక్కినోళ్లకు ఇప్పుడేమని చెప్పాలెరా?" అంది. అంతలో వాన దిగింది. అందరూ తడకలు, సంచులు పట్టుకుని లోపలికి ఉరికారు. సగం విత్తనాలు దక్కాయి. సాయంత్రానికి మా గడప ముందు కాక కొబ్బరికాయ కొట్టాడు. నా ఉపన్యాసాలు విని ఒక్కరూ మారలేదు గానీ, నేను పడటం చూసి వీధి వీధంతా భక్తిలో పడింది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఇంటి స్థానంలో అన్న స్లాబు ఇల్లు కట్టాడు. మొన్న మిర్గానికి వెళ్లి, నీళ్ల ట్యాంకు చూద్దామని పైకెక్కితే, తూర్పు మూలన పసుపు, కుంకుమ, నిమ్మకాయ.

"ఆడ కాలు పెట్టకు మర్దీ, సామి మూల," అంది వెనకాలే వచ్చిన వదిన.

"కింద ఉన్నది సిమెంటు వదినా. ఏనుగు నిలవడ్డా ఏం గాదు."

"ఏనుగు సంగతి నాకెర్క లేదు. నువ్వైతే పడ్డవంట గద."

జరిగిందంతా చెప్పాను. వదిన నవ్వింది, నిమ్మకాయ మాత్రం తీయలేదు. తొలకరి జల్లుకు స్లాబు తడిసి ఉంది. ట్యాంకు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, తడి దుమ్ములో నా అడుగుల జాడ కనిపించింది. నేరుగా వచ్చిన ఆ జాడ సామి మూల దగ్గర వంగి, చుట్టూ తిరిగి, మళ్లీ నేరుగా సాగింది. నిలబడి నవ్వుకున్నాను. చెవుల్లో వడ్లున్న ఆ పద్దెనిమిదేళ్లవాడు చూస్తే నన్ను ఎంత ఏడిపించేవాడో.

మీరు లేవండి. మీ అవ్వ బతికుంటే ఇవాళే వెళ్లి పక్కన కూర్చుని అడగండి, ఆ 'వద్దు' వెనక ఏముందని. నాలాగా పదిమంది ముందు నిలదీయకండి, ఒంటరిగా అడగండి. ముందు వాసం మార్చండి. ఆ తర్వాత, తప్పకుండా, కాలు పెట్టండి.