వీధి వంపులో ఇల్లు

నా పేరు అప్పలనరసమ్మ. వయసు డెబ్బై తొమ్మిది. మలేషియాలో సుంగై సిపుట్‌లో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా తోడికోడలు పోయిన మంగళవారం ఇపో ఆసుపత్రిలో కన్నుమూసింది. నాకంటే పదకొండేళ్లు చిన్నది. ఆఖరికి పోవడంలోనూ నన్ను దాటేసింది.

ఆమె ఊళ్లకు నక్షాలు గీసేది. జపాన్ వెళ్లి, అక్కడి పాత కోట ఊళ్లు ఎలా అమర్చారో చదువుకొచ్చింది. తిరిగొచ్చిన రోజు మా అత్త ఆమెకు దిష్టి తీసింది. నేను ముప్పై ఏళ్లు రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీశాను, నాకెవరూ తియ్యలేదు.

తోట మూతపడి, కూలీల లైను ఇళ్లలో ఉన్న మాకందరికీ కొత్త స్థలం ఇచ్చినప్పుడు నక్షా ఆమే గీసింది. వీధి మధ్యలో వంపు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఏటే ఇది? గీత సక్కగా గియ్యడం రాదేటి? జపానోళ్లు నేర్పినది ఇదేనా?" అన్నాను అందరి ముందూ.

"కోట దాకా సత్రువు తిన్నగా పరిగెట్టుకొచ్చీకుండా ఆళ్లు వంపులు పెట్టినారక్కా."

"మనకి సత్రువెవడే?"

"మోటారుసైకిలోడు. పిల్లలాడుకుంతారు కదా!"

అందరూ నవ్వారు. నా మాటకు ఏనాడూ అలా నవ్వలేదు.

వంపు ఇంకొకందుకు కూడానట. జపాన్‌లో వీధి తిరగగానే కోట బురుజో దూరపు కొండో ఎదురుపడేలా దారిని మళ్లిస్తారట. ఎవరూ కట్టని కొండ అలా వీధిలో కలిసిపోతుందట. మా వంపు తిరిగితే సున్నపురాయి కొండ నిండుగా కనిపిస్తుంది.

వంపులో ఉన్న ఇల్లు పెద్దకోడలినని ముందు నాకే ఇస్తానంది. "కొండ నీ వాకిట్లోనే ఉంతాది. తీసుకో లా, అక్కా!" అంది, ఇక్కడి మలయ్‌వాళ్లలా మాట చివర 'లా' చేర్చి.

వీధి నేరుగా వచ్చి గడపను పొడుస్తుంది. వీధిపోటు! "నా మొగుణ్ణి సంపేత్తావేటే?" అని నక్షా విసిరికొట్టాను. నన్ను చూసి ఎవరూ ఆ ఇల్లు తీసుకోలేదు. చివరికి తనే ఉంది. గడపకు ఎదురుగా ఒక గుబురు మొక్క నాటింది, అంతే. నా మొగుడు నాలుగేళ్లకే పోయాడు, ఏ పోటూ లేని ఇంట్లో. మా మరిది ఇప్పటికీ గట్టిగా ఉన్నాడు.

రోజూ సాయంత్రం ఆమె వసారాలో టీ తాగాను. కుర్చీ నాకు కొండవైపు వేసి, తను గోడవైపు కూర్చునేది. అదీ నాకు మంటే. బాగుందన్న ఒక్క మాట నా నోట రాలేదు.

ఇప్పుడు ఆ వంపులో పెద్ద కార్లు మలుపు తిరగలేకపోతున్నాయని వీధి కమిటీ ఆ వసారా కొట్టేసి దారి తిన్నగా చేస్తానంటోంది. మరిది ఇపోలో కూతురింటికి వెళ్లిపోతూ సరేనన్నాడు. ఆమె పోయి పదో రోజైనా కాకముందే కొలిచి, వంపులో ఎర్ర రంగు కొయ్యమేకు పాతారు.

"అప్పుడు వంపొద్దన్నది నువ్వే కదా, పెద్దమ్మా?" అన్నాడు కమిటీ పెద్ద.

"అన్నాను. కుళ్లుతో అన్నాను. ఇప్పుడు ఉండాలంతన్నాను, రాసుకో!"

ఆమె మీద నా కుళ్లు ఇంకా తీరలేదు. తీరేదాకా ఆ ఇల్లు కదలడానికి వీల్లేదు. మేకు నేనే పీకేశాను. మన్నుతో సహా ఇదిగో, నా ఒళ్లో ఉంది. కావలసినవాళ్లు వచ్చి నన్నడగండి.

అప్పలనరసమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

చూసినవాళ్లు: ఎదురింటి పైడమ్మ, పక్కింటి సింహాచలం.