సాంచాల చప్పుడు విని అప్పిచ్చిన మనిషి

బతికే ఉన్నానని చూపే పెన్షన్ కాగితం ఇవ్వడానికి మొన్న జగిత్యాలలో మా బ్యాంకుకు వెళ్తే, అప్పు కోసం వచ్చిన రైతు ఎదురుగా నిలబడి ఉండగానే కౌంటర్‌లోని అమ్మాయి ఆయన సంగతంతా కంప్యూటర్లో వెతుకుతోంది. తప్పు ఆ పిల్లది కాదు, వచ్చి నాలుగు నెలలే అయిందట. ఈ దారి వేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నేను సిరిసిల్లలో మేనేజరుగా ఉన్నప్పుడు మా శాఖలో ఓ పాత గుమాస్తా ఉండేవాడు, వయసులో పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఎవరైనా నేతన్న అప్పు అడిగితే అన్న కాగితాల కంటే ముందు ఆ వాడకు నడిచిపోయి, అరుగు మీద కూర్చుని, లోపల సాంచాలు ఎట్లా ఆడుతున్నాయో విని వచ్చేవాడు. ఏది నూలు అందక ఆగిందో, ఏది మనిషి చేతులెత్తేసి ఆగిందో రెండు మూడు పూటల్లో చెప్పేసేవాడు. ఆయనున్నంత కాలం మా శాఖలో మొండిబాకీల మాట పెద్దగా వినబడలేదు, పై ఆఫీసులో మెప్పు మాత్రం నాకు దక్కింది.

కంప్యూటర్లతో పాటే ముందస్తు రిటైర్మెంటు పథకమూ వచ్చింది. అన్నకు కీబోర్డు పట్టుబడలేదు, శాఖకు ఓ జీతం మిగులుతుంది కదా అని నేనే నచ్చజెప్పి సంతకం పెట్టించాను. పోయే ముందు, “ఒక్క నెల కొత్తోళ్లను నా ఎంబడి తోలుండ్రి సార్, గీ వాడలన్నీ సూపిస్త” అని అడిగాడు. అన్నీ కంప్యూటర్లో ఉన్నాయిలే అన్నా, అని శాలువా కప్పి పంపేశాను. అంత తెలివి నాది!

ఏడాది తిరక్కుండానే ఓ నేతన్న కిస్తీలు ఆగాయి. కొత్త ఆఫీసరు వెళ్లేసరికి నాలుగు సాంచాలూ ఆగి ఉన్నాయట, పని మానేశాడని రాశాడు, నేను సంతకం పెట్టాను. జప్తు చేసిన సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి, మా బాకీలో సగం కూడా రాలేదు. ఆ మనిషి పెళ్లాం పిల్లలతో ముంబై పక్కన భివండికి సాంచాల కూలికి వెళ్లిపోయాడు. సంగతి తెలిసి అన్న బ్యాంకుకు వచ్చాడు, కోప్పడనైనా లేదు.

“నూలు రాక ఆగినయి సార్ అవి. పది దినాలైతే మళ్ల నడిచేటివి. ఒక్కమాట నన్ను అడగకపోతిరి” అన్నాడు.

తర్వాత అలాంటివే మరికొన్ని జరిగి శాఖ నష్టాల్లో పడింది, కారణం అడిగితే మార్కెట్ బాగాలేదని రాశాను. అన్న తలలో ఉన్నదాన్ని ఆస్తిగా రాసుకునే గడి మా లెక్కల్లో లేదు, నా బుర్రలోనూ లేదు.

అన్న చనిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు అప్పులు క్షణాల్లో వస్తున్నాయి, మంచిదే, కానీ సంతకం ముందు ఒకసారి పోయి చూసొద్దామనే మనిషి లేడు. ఆ నేతన్నను వెతికి క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. భివండిలో ఎక్కడున్నాడో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, అతణ్ణి నేనే శాలువా కప్పి ఇంటికి పంపాను.