ఊటకు పడిన తాళం

రాయగడ దగ్గర ఒక కొండ ఊళ్ళో నిన్న పాత ఊటగుంట పూడిక తీయించాను. పైన కుళ్ళిన ఆకుల కంపు. అది దాటి లోపలికి వెళ్ళేసరికి చల్లని బంకమట్టి వాసన గుప్పుమంది. కూలీలు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. నేను గట్టు మీద కూర్చుని గుండెలనిండా పీల్చుకున్నాను. ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది నరసమ్మ టీచరే.

ఒడిశాలోని సెమిలిగుడలో మా బడికి ఆవిడ సోషల్ టీచరు. బొబ్బిలి వైపు నుంచి పెళ్ళయి వచ్చి, భర్త పోయాక అక్కడే ఉండిపోయారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పాఠం ఒడియాలో చెప్పినా, తెలుగు పిల్లలం కంటబడితే మన మాటలోకి దిగిపోయేవారు. మా నాన్న అల్యూమినియం ఫ్యాక్టరీలో టెక్నీషియను. అందుకే వనరుల పాఠం రోజున "వనరంటే ఏటి?" అని ఆవిడ అడగ్గానే నేను లేచి, గర్వంగా "బాక్సైట్" అన్నాను.

"ఫ్యాక్టరీ రాకముందు ఆ బాక్సైట్ తవ్వే కొండ మీద ఏటుండేది?"

"రాయేనండి."

"మరి రాయి మారిందా, మనం మారేమా? సెప్పు అమ్మీ."

జవాబు కూడా ఆవిడే చెప్పారు. "మనకి దాంతో పని పడింది. అందులోంచి లోహం తియ్యడం తెలిసింది. అప్పుడది వనరైంది. పని పడనంతకాలం అది కాలికి తగిలే రాయే."

బడి వెనకాల ఒక గుంట ఉండేది. దుకాణాల చెత్తంతా అందులోకే చేరేది. ఆ వేసవిలో బడి బోరు ఎండిపోయింది. సంతలో అల్లం అమ్మే సుక్రి అనే కొండ ఊరామెతో టీచరు ఆ మాటే అంటే, ఆ చెత్త అడుగున మంచి ఊట ఉందని ఆమె చెప్పింది. సంతకు దిగిన తమవాళ్ళంతా ఆ నీళ్ళే తాగేవారట. ఇప్పటికీ చెత్త లేని పై అంచున దోసిళ్ళతో తోడుకుంటున్నారట. వానలు పడేలోగా ఆ గుంట పూడ్చి, లారీలు నిలుపుకునే జాగా చేస్తారని ఊళ్ళో అప్పటికే అనుకుంటున్నారు. మా హెడ్మాస్టరు కూడా సరేనన్నారు. "పూడ్చేస్తే కంపు వదిలిపోద్ది కదా టీచరుగారూ" అన్నారాయన.

టీచరు వాదించలేదు. ఆదివారం పూట చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని గుంటలోకి దిగారు. ఆవిడా సుక్రీ చెత్త ఎత్తి ఇస్తుంటే మేం ఒడ్డున నిలబడి తట్టలు అందుకున్నాం. "ఆ కంపులో నీకేటి పనే?" అని మా అమ్మ తిట్టింది. అయినా ఆదివారం వచ్చేసరికి నేను అక్కడే ఉండేదాన్ని. ఒకరోజు బురద మధ్య సన్నగా బుడగలు లేచాయి. కొన్నాళ్ళకు నీరు తేటపడింది. ఆ నీళ్ళను కొరాపుట్ తీసుకెళ్ళి పరీక్ష చేయించాక, ఒక బిందె నింపుకుని టీచరు జంక్షన్‌లో గౌరునాయుడి టీకొట్టుకు వెళ్ళారు.

"ఈ నీళ్ళతో ఓ టీ పెట్టు, నాయుడూ."

"సెత్తగుంట నీళ్ళేటి టీచరుగారూ! నా బేరం పోద్దండి."

"నాకే పెట్టు. నేనే తాగుతాను."

లారీ డ్రైవర్లంతా చూస్తుండగా ఆవిడ గ్లాసు ఖాళీ చేశారు. నాయుడు కూడా కాస్త పోసుకుని చప్పరించాడు. బోరు నీళ్ళ తుప్పు రుచి లేదు. మర్నాడు పొద్దున్నే అతని బకెట్ ఊట దగ్గరుంది. తర్వాత డ్రైవర్లు, ఆ తర్వాత మిగతా కొట్లవాళ్ళు. గుంట పూడ్చడానికి మట్టి లారీ వచ్చిన రోజున డ్రైవర్లే దానికి అడ్డం నిలబడ్డారు. టీచరు కిటికీలోంచి చూసి, తిరిగి పాఠంలో పడ్డారు.

అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. మరుసటి వేసవికి ఊట చుట్టూ ఇనుప కంచె వెలిసింది. దాని తలుపుకు తాళం పడింది. వేసినవాడు గౌరునాయుడే. మోటారు పెట్టి హోటళ్ళకు డ్రమ్ములతో నీళ్ళు పంపుతున్నాడు. సంతరోజున సుక్రి ఖాళీ బిందెతో బడి మెట్ల మీద కూర్చుని కనబడింది. టీచరు ఆమెనూ, నన్నూ వెంటబెట్టుకుని నేరుగా టీకొట్టుకు నడిచారు.

"తాళం తియ్యి, నాయుడూ."

"ఒగ్గేస్తే మళ్ళీ సెత్తేసేస్తారండి. నేను కాపాడతన్నాను. ఈళ్ళు కాళ్ళతో దిగిపోతే నీళ్ళు పాడైపోవేటి?"

"పనికిరాదనుకున్నప్పుడు సెత్త పోసేం. పనికొచ్చేక తాళం వేసేం. రెండుసార్లూ ఈ మనిషికే నీళ్ళు నేకుండా పోయేయి."

నాయుడు తాళం తియ్యలేదు. ఆ సాయంత్రం నుంచి బడి అవగానే టీచరు కంచె తలుపు ముందు కూర్చునేవారు. సంతరోజుల్లో పక్కన సుక్రి. డ్రైవర్లు ఆగి ఎందుకని అడిగేవారు. ఆవిడ తాళం వైపు చూపించేవారు. చివరికి ఒక సంతరోజు సాయంత్రం నాయుడు టీ పట్టుకుని వచ్చాడు.

"చల్లారిపోద్ది, తాగండి టీచరుగారూ."

"సుక్రి తాగేక తాగుతాను."

నాయుడు గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. ముందు సుక్రి తోడుకుంది. పశువులు దిగకుండా కంచె ఉంచారు గానీ, తాళం మళ్ళీ పడలేదు.

మర్నాడు క్లాసులో టీచరు నన్నే లేపారు. "అమ్మీ, నీకు ఆవేళ సగం పాఠమే సెప్పేను. మనకి పని పడ్డప్పుడే వనరవుద్దన్నాను. మనకన్నా ముందు ఎవలికి పని పడిందో అడగనేదు. రాసుకో."

టీచరు ఇప్పుడు లేరు. ఎండిన ఊటలు వెతికి బాగుచేయించడం నా ఉద్యోగమైంది. నీరు ఊరే సూచన కనబడితే చాలు, మోటారు కావాలనేవాళ్ళు, కంచె కావాలనేవాళ్ళు వస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. నాయుడూ చెడ్డవాడు కాదు. అందుకే ఏ ఊళ్ళోనైనా ముందు జనాన్ని కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరు తాగారని అడుగుతాను. ముందు వరసలో ఉన్నవాళ్ళే గబగబా జవాబు చెబుతారు. నేను వెనక నిలబడినవాళ్ళ వైపు చూస్తూ ఊరుకుంటాను. వాళ్ళు నోరు విప్పేదాకా పని మొదలుపెట్టనివ్వను.