కుట్టు మిషన్ ముందు ఫోటో

మా ఉయ్యూరు బజారు వెనక వీధిలో ఒకావిడ జాకెట్లు కుడుతుంది. నేను ఇక్కడి హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన కొత్తలోనే ఆవిడ దగ్గరికి వెళ్లాను, ఇక మరొకరి గడప తొక్కలేదు. భర్త పరుపులు కుడతాడు. ఇద్దరి రెక్కల మీద ఇల్లు గడిచేది. ఆమధ్య ఆవిడకు నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం మొదలైంది. విజయవాడలో చూపిస్తే గుండెలో వాల్వు పాడైందనీ, ఆపరేషన్ చేసి మార్చాలనీ చెప్పారు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఖర్చు కొంత పోయినా, మిగతాది వాళ్లకు అందని మాట.

ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సంస్థలున్నాయని నేనే చెప్పాను. ఆసుపత్రి కాగితాలు పంపితే, ఒక సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

“పేషెంటు మంచం మీదున్న ఫోటో పంపండి మేడమ్. కన్నీళ్లు కనిపిస్తే జనం తొందరగా రెస్పాండ్ అవుతారండీ” అంది మర్యాదగానే.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. భర్త తల వంచుకున్నాడు. ఆవిడ గోడకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని అంది.

“నా ఏడుపు ఎవరికీ చూపించను టీచరు గారూ. మిషన్ ముందు కూర్చుంటా. అప్పుడు తియ్యండి.”

“అలాగైతే డబ్బులు రాకపోతేనో?” అన్నాడు భర్త.

“రాకపోతే అప్పుడు చూద్దాం. ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లకి కుట్టాను! కుట్టేదానిగానే నన్ను ఎరుగుదురు. అలాగే అడుగుదాం.”

తల దువ్వుకుని, చీర మార్చుకుని, మిషన్ ముందు నిటారుగా కూర్చుంది. ఫోటో తీశాక, విరాళాల పేజీ కోసం నేను రాసుకెళ్లింది చదివి వినిపించాను. ఒక చోట చెయ్యెత్తి ఆపింది.

“పేదవాళ్లమని రాయండి, నిజమే కదా. దీనురాలు అన్నది మాత్రం తీసెయ్యండి.”

తీసేశాను.

పేజీ పెట్టాక మొదట్లో విరాళాల్లో పెద్దగా కదలిక లేదు. ఆ ఫోన్ చేసినమ్మాయి చెప్పిందే నిజమేమోనని నాకు దిగులు పట్టుకుంది. అలాంటప్పుడు ఒకరోజు స్టాఫ్ రూంలో మా సైన్సు టీచరు తన ఫోన్ నా ముందు పెట్టింది. “ఇది చూశారా అండీ?”

పెళ్లై గుంటూరు వెళ్లిపోయిన ఒకమ్మాయి సోషల్ మీడియాలో తన పెళ్లి ఫోటో పెట్టి, దాని కింద “నా పెళ్లి జాకెట్టు కుట్టింది ఈవిడే. మళ్లీ కుట్టాలి” అని రాసి, మా విరాళాల పేజీ జత చేసింది.

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. సీమంతం జాకెట్టుతో ఒకరు, రిటైరైన రోజు పట్టుచీర మీదికి తొడుక్కున్న జాకెట్టుతో ఇంకొకరు ఫోటోలు పెట్టారు. కూతురు చర్చికి తొడుక్కెళ్లిన తెల్లగౌను చూపించింది గుణదలలో ఉండే ఒకావిడ. నేనూ వెతికి నాదొకటి పెట్టాను. ఒక్కరూ జాలి మాట రాయలేదు. ఆవిడ కుట్టు గురించే అందరూ గొప్పలు చెప్పుకున్నారు. కొద్ది రోజుల్లోనే కావలసినంతా సమకూరింది. ఆ సంగతి చెబితే ఆవిడ నవ్వింది.

“సరిపోయిందిగా, ఇక ఆపెయ్యమనండి. నా వెనకాల సాయం కావలసినవాళ్లు ఇంకెంతమందున్నారో.”

ఆపరేషన్ రోజు నేనూ, ఆవిడ భర్తా థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నాం. అతని పెదవులు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి. నేనూ నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. డాక్టరు గారు బయటికొచ్చి “బాగా జరిగిందండీ” అనగానే అతను నా చేతులు పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

డిశ్చార్జి చేశాక కారులో తీసుకొస్తుంటే, కంకిపాడు దగ్గర కొబ్బరిబొండాల బండి చూసి ఆపమంది. భర్త చెయ్యి పట్టుకోబోయాడు.

“వదులు. నేను నడుస్తా.”

మెల్లగా, ఎక్కడా ఆగకుండా బండి దాకా నడిచింది. ఆయాసం లేదు. మా ఊరి మనిషని అక్కడున్న వాళ్లందరికీ చెప్పాలనిపించింది నాకు.

బండాయన ఆవిడ చేతికి సూది గుచ్చిన చోటున్న ప్లాస్టరు చూసి అడిగాడు. “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?”

“బాగైంది” అంది. “లేతది చూసి కొట్టు నాయనా.”