వామి దొడ్డిలో దమ్ము

మా నాన్నకు పారేయడం అనే విద్య రాదు. తెగిన పగ్గం, చిల్లుపడ్డ బొక్కెన, పిడి ఊడిన కొడవలి, అన్నీ ఎప్పటికైనా పనికొస్తాయని చావిట్లో ఒక మూలకు చేరేవి. పత్తికి పురుగుమందుగా చల్లే బీహెచ్‌సీ పొడిని ఇక వాడొద్దని ప్రభుత్వం ఆపేసినప్పుడు ఇంట్లో మిగిలిన బస్తాలను కూడా ఆయన పారేయలేదు. గడ్డివామి వేసే ముందు దొడ్లో మెరకగా ఉన్న దిబ్బ మీద ఆ పొడిని మందంగా పరిచి, దాని మీద వామి వేశాడు. చెదలు పట్టవట. మా వైపు చాలామంది చేసే పనే అది, అందుకని ఎవరూ వద్దనలేదు.

మాది ప్రత్తిపాడు దగ్గర మెట్ట ఊరు. పత్తి, మిరప మా పంటలు. గేదెకు కావలసిన వరిగడ్డి కాలవ కింది ఊళ్ళ నుంచి ట్రాక్టర్ మీద వచ్చేది. అవి తొంభైల చివరి రోజులు. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. వేసవి సెలవులకు ఇంటికొచ్చేసరికి వామి అడుక్కి వచ్చింది. గడ్డి తెద్దామని దొడ్లోకి వెళితే చివరి పొరల కింద నేల తెల్లగా కనిపించింది. పాత ముక్కవాసన ఒకటి గుప్పున కొట్టింది. చిన్నప్పుడు పత్తి చేలో ఆ వాసనలోనే ఆడుకున్నాను, ఏమీ అనిపించేది కాదు. కానీ ఆ ఏడు క్లాసులో వేరే సంగతి చదివాను. ఆ పొడి నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. మేతతో పాటు పశువు కడుపులోకి పోతే పాలల్లోకి వస్తుంది.

పురిటికి వచ్చిన అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. తన పాలు చాలక, పాపకు అప్పుడప్పుడే గేదె పాలు పట్టడం మొదలుపెట్టారు. పాలచెంబుతో వస్తున్న అమ్మకు అడ్డం వెళ్ళి, ఆ పాలు పాపకు పట్టొద్దన్నాను.

"నీకేమన్నా పిచ్చా? నా గేదె పాలకేం మాయరోగమొచ్చింది?" అంది అమ్మ.

ఆ గేదె అంటే అమ్మకు ప్రాణం. పెయ్యగా ఉన్నప్పటి నుంచీ తన చేత్తో పెంచింది. నేను వాదించలేదు. సీసాలో పాలు పోసుకుని గుంటూరు బస్సెక్కి మా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. మాకు పాఠాలు చెప్పే ఆవిడకు తెలిసిన ఒక ల్యాబు ఉంది. అక్కడ పరీక్ష చేయించి, పాలల్లో ఆ పొడి ఉండాల్సిన హద్దు దాటిందని చెప్పింది. పాపను పిల్లల డాక్టరుకు చూపించాం. పిల్ల బాగానే ఉంది, ఇకముందు మాత్రం ఆ పాలు వద్దన్నాడు. సగం ఊపిరి అప్పుడు పీల్చుకున్నాం.

మిగతా సగం కోసం ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"అయితే గేదెను సంతలో అమ్మేద్దాం," అన్నాడు నాన్న.

"ఎవరి పిల్లలకు పట్టడానికి?" అంది అమ్మ.

నాన్నే మళ్ళీ, "పోనీ ఆ మట్టి తవ్వి వాగులో పోస్తే?" అన్నాడు. ఈసారి నేను అరిచాను. నా గొంతు విని పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. దొడ్లో ఆ దిబ్బ తప్ప మాకు మెరక లేదు, వానొస్తే మిగతాదంతా నీళ్ళే. మళ్ళీ వామి వేయాలన్నా, ఆ గడ్డి గేదె తినాలన్నా, ఆ పాలు పాప తాగాలన్నా దిబ్బ బాగుపడాల్సిందే. అప్పటిదాకా వామి గడ్డి మానేసి, చేలో కోసిన పచ్చి జొన్న వేస్తూ రావాలి. పాపకు డబ్బాపాలు. అవి దానికి పడేవి కావు. తాగిన ప్రతిసారీ కక్కేది, అక్క ఏడ్చేది.

ఆ వేడి మీదే, నేలలోని సూక్ష్మజీవుల చేత ఆ పొడిని తినిపించవచ్చేమోనని నేను లెక్కలకు కూర్చున్నాను. సూక్ష్మజీవి ధర్మానికి పని చేయదు. దేన్నైనా విరగ్గొడితే తనకు కొంత శక్తి మిగలాలి, మిగిలితేనే ముట్టుకుంటుంది. మేడమ్ దీన్ని ఫ్రీ ఎనర్జీ అని చెబితే నేను మనసులో గిట్టుబాటు అనుకునేదాన్ని. లెక్కలో మైనస్ వస్తే గిట్టుబాటు అయినట్టు. పుస్తకంలో పట్టికలు చూసి వేస్తే కొండంత మైనస్ వచ్చింది. పరుగున గుంటూరు వెళ్ళి మేడమ్‌కు చూపించాను.

"లెక్క బాగానే ఉంది," అంది ఆవిడ. "మరి అంత లాభం పెట్టుకుని, ఆ పొడి ఇన్నాళ్ళూ అక్కడే ఎందుకు పడి ఉంది?"

నాకు ఒళ్ళు మండింది. సమాధానం తెలిసి కూడా అడిగే మనుషులంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

"పత్తికి ధర ఉన్నా, తీసే మనుషులు రాకపోతే చేలోనే ఉండిపోతుంది కదమ్మా," అని ఆవిడే అందుకుంది. "మీ దిబ్బ మీద తడి ఉంటుందా?"

"వామి కింద చుక్క పడదు మేడమ్. పడకూడదనే కదా మెరక మీద వేసేది."

"మరి పనివాళ్ళు ఎట్లా వస్తారు?"

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆ పొడి అణువు నిండా క్లోరిన్లు ఉంటాయి. గాలి మీద బతికే జీవులకు అవే అడ్డం. గాలి అందని బురదలో మాత్రం, మనం ఆక్సిజన్ పీల్చినట్టు ఆ క్లోరిన్‌తోనే ఊపిరి తీసుకునే జీవులు ఉంటాయి. గడ్డి కుళ్ళితే వచ్చే హైడ్రోజన్ వాటికి తిండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్లను ఒక్కొక్కటే ఊడబీకుతాయి. ఆ తర్వాత బురద ఆరితే, మిగిలిన ముక్కల్ని గాలి జీవులు తినేస్తాయి. "ఈసారి గాలి లేకుండా లెక్క వెయ్యి," అంది. వేశాను. మైనస్ బాగా చిన్నదైంది, కానీ ఉంది. చిన్న ప్రాణులు బతకడానికి అది చాలు. పూర్తిగా పోదని, అందులో ఒక మొండి రకం కొంత మిగులుతుందని కూడా ముందే హెచ్చరించింది.

ఇంటికొచ్చి, వామి దొడ్డిలో దమ్ము చేయాలని చెప్పాను. నీళ్ళు పెట్టి, గడ్డీ పేడా వేసి, వరి మడిలా తొక్కాలని. నాన్న నావైపు ఎంత జాలిగా చూశాడో ఇప్పటికీ గుర్తుంది. తరతరాల మెట్ట రైతు, పొలంలోనే ఎన్నడూ దమ్ము చేసి ఎరగడు.

అయినా చేశాడు. కోపంగానే చేశాడు. చుట్టూ గట్టు వేసి, కాళ్ళకు మోకాళ్ళదాకా యూరియా సంచులు కట్టుకుని, ముక్కుకు తువ్వాలు బిగించి దిగాడు. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏందయ్యో, దొడ్లో సాంబమసూరి ఏస్తన్నావా?"

"కాదురా, మా అమ్మాయి పురుగుల్ని మేపతంది! నువ్వు కూడా రా, నీ వామి కింద లేదా ఏంది పొడి?" అని నాన్న అరిచేవాడు. అడిగినవాడు గబగబా వెళ్ళిపోయేవాడు.

పితికిన పాలను ఏం చేయాలన్నది అమ్మ సమస్య. పితకకపోతే గేదెకు బాధ, మురుక్కాలవలో పారబోయడానికి చేయి రాదు. ఒకరోజు చెంబు తీసుకెళ్ళి ఆ బురదలో వంచింది. "పాపకు లేకపోతే లేకపోయె, వాటికన్నా పెడతా," అంది. మేడమ్‌కు చెబితే పడీపడీ నవ్వి, మంచి పనే అంది. పాలు వాటికి తిండి, పాలల్లోని పొడి కూడా మళ్ళీ వాటి దగ్గరికే చేరుతోంది. అప్పటి నుంచి పూటపూటా అమ్మ ఆ బురదకు పాలు పోసింది. వానలన్నీ అలాగే గడిచాయి. శీతాకాలంలో మడి ఆరగట్టి గుద్దలితో తిరగేశాం. ముక్కవాసన తగ్గిందని నాన్న అనేవాడు. నాకు మాత్రం ధైర్యం చాలేది కాదు.

మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఆరే రోజుల్లో మట్టినీ పాలనూ మళ్ళీ ల్యాబుకు ఇచ్చాం. కబురు తెలిసిన రోజు మేడమ్ నన్ను కాలేజీ వరండాలోనే ఆపింది. మట్టిలో కొద్దిగా మిగిలింది, భయపడాల్సినంత కాదు, పైన కొత్త మట్టి పోసుకుంటే చాలు. పాలు హద్దులోపలే ఉన్నాయి. ఆవిడకు థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తు లేదు. ప్రత్తిపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా ఏడ్చాను. పక్కనున్న పెద్దావిడ ఎవరు పోయారమ్మా అని అడిగితే నవ్వొచ్చింది.

నేను ఇంటికి చేరేసరికి అమ్మ పాలు పితికి లేచింది. సంగతి చెప్పాను. విన్నది, తలూపింది, చెంబు పట్టుకుని అలవాటు కొద్దీ దొడ్లోకే నడిచింది. దిబ్బ దగ్గర ఆగిపోయింది. నేనూ నాన్నా చూస్తున్నాం. చెంబు కొంచెం వంచి, దోసెడు పాలు ఆ మట్టికి పోసింది. తర్వాత వెనక్కి తిరిగి, అప్పుడప్పుడే నడక నేర్చిన పాప గడప పట్టుకుని నిలబడి ఉంటే, "దా తల్లీ, నీ పాలు తెచ్చా," అంది.