సర్దారు నేర్చిన క్రియలు

ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుగనిలో నేను సర్వేయరుగా చేరేనాటికి రిపోర్టు పుస్తకం ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారి ఎంతోకాలం కాలేదు. పైకప్పు నిలకడ పరిశీలించి, ఆపైన పనివాళ్లను లోపలికి పంపే బాధ్యత సర్దారుది. హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన మా సర్దారు ఉర్దూలో అన్నింటికీ ‘దేఖా’ (చూశాను) అని రాసిన అలవాటు కొద్దీ ఇంగ్లీషులోనూ అన్నింటికీ ‘సీన్’ అనే రాసేవాడు. ఏ పనికి ఏ ఇంగ్లీషు మాట రాయాలో గనుల అధికారి సర్దార్లను అడిగే ఆ ఏటి పరీక్షలో అది చెల్లదు. తప్పితే సర్దారు పని పోయి మళ్లీ బొగ్గు తట్ట ఎత్తాలి.

దీపాల గది గోడమీద సుద్దతో సీ, ఇన్‌స్పెక్ట్, టెస్ట్ అని రాసి, నిఘంటువులోని అర్థాలు వల్లె వేయించాను. వారం గడిచినా ఒకదాని అర్థం మరొకదానికి చెప్పేవాడు.

“కాకా, అంగ్రేజీల దగ్గుతున్నవా?” అని దీపాలిచ్చే మనిషి నవ్వాడు.

“దగ్గు కాదుర, దర్జా. నువ్వు దీపాలు తుడువు” అని సర్దారు నావైపు తిరిగాడు. “సారూ, గీ మాటలు కాయితం మీదనే కలుస్తున్నయి. లోపలికి నడువు, చేతులతోని చెప్త.”

గనిలో అతను దీపం నడుమెత్తున పట్టుకుని చుట్టూ చూస్తూ ఆగకుండా నడిచాడు. అది సీ. తిరిగివచ్చి, పైకప్పును మోసే ఒక్కొక్క ఊతకర్ర దగ్గరా ఆగి, దీపాన్ని మొదలు నుంచి పైకి జరుపుతూ పగుళ్లను వేలితో తడిమాడు. అది ఇన్‌స్పెక్ట్. చివరికి ఎడమ అరచేతిని పైకప్పుకు ఆనించి, కుడిచేతి కర్రతో తట్టాడు; ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగి అరచేతికి అదురు తగిలితే రాయి వదులు. అది టెస్ట్. ఆ మూడింటి హద్దులు నాకూ అంత కచ్చితంగా తెలిసింది ఆనాడే.

పరీక్షలో నేను దుబాసీని. అతను తెలుగులో చెప్పవచ్చు; నేను సొంతంగా ఒక్క మాట కలపకూడదు. మూడింటికీ తడబడకుండా చెప్పాడు. అప్పుడు అధికారి మేము ఎన్నడూ తలవని ప్రశ్న వేశాడు: సీకి, వాచ్‌కి తేడా ఏమిటి? దాన్ని తెలుగులో చెప్పి సర్దారు మొహంలోకి చూశాను.

సర్దారు తలపాగా సవరించుకున్నాడు. “గేటుకాడ వాచ్‌మన్ ఉన్నడు గద సార్. ఒక్కపారి చూసి ఇంటికి పోతడా? పొద్దంత కనిపెట్టుకొని ఉంటడు. ఊతకర్ర కిర్రుమంటే నేను గూడ గంతే. మందిని అవతలికి తోలి, పగులు పెరుగుతదా లేదా అని నిలవడి కనిపెడ్త. చూసి పోతే సీ. పోకుంట ఉంటే వాచ్.”

ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనువదించాను. అధికారి కలం కిందపెట్టి, లేచి అతని చేయి పట్టుకుని ఊపాడు. “పాస్!”

బయటికి రాగానే సర్దారు నా భుజం తట్టాడు. “నీ మొఖం జూసి నాకే భయమైంది సారూ! పనిచేసేటోనికి లేని ఫికర్ నీకెందుకు?”

ఆ మధ్యాహ్నం రెండో షిఫ్టు పనివాళ్లు గని మొగదల ఆగి నిలబడ్డారు. అతను ఒక్కడే ముందు దిగాడు. కాసేపటికి లోపలినుంచి “రాండ్రి!” అన్న కేక వినిపించింది.