నురుగు కాగితాలు

సెలూన్లో అద్దం అంచునిండా కాగితం ముక్కలు అంటించి ఉంటాయి. భార్య గుండె ఆపరేషన్‌కి అనుమతి ఇవ్వకుండా ఇన్సూరెన్సు వాళ్లు పంపిన ఇంగ్లీషు ఉత్తరంలోంచి, ఒక్కో ముక్క మీద ఒక్కో మాటను బొమ్మ గీసినట్టు దించుకున్నాడు సెలూనాయన. డాక్టరు ఇచ్చిన గడువు వారమే. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకీ నురుగు రాస్తూ, "కాస్త ఇదేమిటో చెప్పి పుణ్యం కట్టుకోండి" అంటాడు. అర్థం ఒంటబట్టిన మాటున్న ముక్కను పీకి, దాని మీదే కత్తి నురుగు తుడిచి పారేస్తాడు. క్లెయిమ్, నామినీ అలాగే చెత్తబుట్టకు చేరాయి.

ఈరోజు మాస్టారి వంతు. సగం గడ్డం అయ్యాక ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు.

"ప్రీ ఎగ్జిస్టింగ్. అంటే పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బు. మీ ఆవిడకి లేదుగా?"

కత్తి ఆగిపోయింది.

"పెళ్లినాడే మెట్లెక్కలేక ఆయాసపడింది సార్. సిగ్గనుకుని నవ్వాను."

"మరి ఫారంలో?"

"అన్నిటికీ లేదనే పెట్టాను. ఏజెంటు అలాగే పెట్టమన్నాడు."

కత్తినిండా నురుగు. అలవాటుకొద్దీ అతని చెయ్యి ఆ కాగితం దాకా వెళ్లింది. తుడవలేక, నురుగును తన ముంజేతికే రాసుకున్నాడు.

"దానికి ఇంకో అర్థం ఏమైనా ఉందేమో చూడండి సార్."